అల్యానికో నిజంగా గ్రీకువాళ్లు తెచ్చిన ద్రాక్షేనా? ఒక్కో చోట ఒక్కో కథ చెబుతున్నారు

వెసూవియస్_నాని
ఇటలీలో ఉంటున్నవాళ్లు, వైన్ సంగతులు కాస్త తెలిసినవాళ్లు చెప్పండి. ఆఫీసు వాళ్లతో కలిసి వుల్తూరే కొండ చుట్టుపక్కల వైనరీలు చూసొచ్చాం. అది బజిలికాటా ప్రాంతం, నేపుల్స్ నుంచి కారులో తూర్పు వైపు వెళ్లాలి. అక్కడ ఎర్ర వైన్ అంటే అల్యానికోనే, రెండో మాట లేదు. మొదటి వైనరీలో గైడ్ ఏమన్నాడంటే, ఈ ద్రాక్షను క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో గ్రీకువాళ్లు ఓడల్లో తెచ్చారు, పేరే సాక్ష్యం, గ్రీకు అని అర్థమున్న "ఎల్లెనికో" అన్నది నోళ్లలో నలిగి అల్యానికో అయింది అని. రెండో చోట, రోమన్ చక్రవర్తులు తాగిన ఫలెర్నియన్ వైన్ ఇదే అన్నారు. మూడో చోట ఒక పెద్దాయన నవ్వేసి, గ్రీకూ లేదు గాడిద గుడ్డూ లేదు, ఆ పేరు స్పెయిన్ వాళ్ల హయాంలో వచ్చింది అన్నాడు. సీసా మీద మాత్రం హెల్మెట్ పెట్టుకున్న గ్రీకు వీరుడి బొమ్మ. ఆ బొమ్మకి కూడా మన దగ్గర డబ్బులు లాగుతున్నారని నా అనుమానం. ఇంతకీ ఏది నిజం?

ఉప్పుచేప
మూడు వైనరీలు తిరిగొచ్చాక కూడా మూడు కథలూ వరసగా గుర్తున్నాయంటే నువ్వు వెళ్లిన పని సరిగ్గా చేయలేదు నానీ.

పాతచింతకాయ
మొదటి గైడ్ చెప్పిందే నిజం, ఇందులో అంత అనుమానం దేనికి? క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలోనే యుబియా దీవి నుంచి గ్రీకులు వచ్చి ఇప్పటి ఇస్కియా ద్వీపంలో పిథెకూసై అనే ఊరు కట్టుకున్నారు. తర్వాత ఎదురుగా నేల మీద కూమే. అదే ఇస్కియాలో 1954లో ఒక మట్టి గిన్నె దొరికింది, నెస్టర్ గిన్నె అంటారు. దాని మీద గీసిన రాతే గ్రీకు లిపిలో దొరికిన అతి పాత రాతల్లో ఒకటి, అది కూడా తాగడం గురించే! అంత వైన్ పిచ్చి ఉన్నవాళ్లు ఊరు కాని ఊరు వస్తూ తీగలు తెచ్చుకోకుండా ఉంటారా? దక్షిణ ఇటలీని వాళ్లు ఓనోట్రియా అని పిలిచేవాళ్లు, అందులోనే ద్రాక్ష ఉందని చెబుతారు. పైగా పేరు కూడా కలుస్తోంది. ఇంకేం కావాలి?

లాబ్_కోటు
ఇంకేం కావాలంటే, సాక్ష్యం కావాలి :)

మొక్కల జన్యుశాస్త్రం నా పని, ద్రాక్ష మీద కాదు గానీ పద్ధతులు ఒకటే. గ్రీకువాళ్లు దక్షిణ ఇటలీకి వచ్చారు, వైన్ తాగారు, తీగలు నాటారు, ఇదంతా ఒప్పుకుంటా. కానీ "వాళ్లు తీగలు తెచ్చారు" వేరు, "ఈ తీగే తెచ్చారు" వేరు. అల్యానికో డీఎన్ఏని ఇప్పుడు గ్రీసులో సాగులో ఉన్న రకాలతో పోల్చి చూశారు. దగ్గరి చుట్టరికం ఏదీ బయటపడలేదు. ఇక ఆ పేరు కాగితం మీద మొదట కనబడేది 1520లో, పుల్యాలోని కొన్వెర్సానో దగ్గర ఒక ప్రభువు ఆస్తుల జాబితాలో. అంటే గ్రీకులు వచ్చిన రెండు వేల ఏళ్లకు పైగా అయ్యాక. మధ్యలో ఉన్నదంతా ఊహ.

పాతచింతకాయ
రాత లేకపోతే వస్తువే లేదా? మా ఊరి చెరువుకి కూడా శాసనం లేదు, నీళ్లు మాత్రం ఉన్నాయి.

లాబ్_కోటు
చెరువు ఉందని నేనూ ఒప్పుకుంటున్నా అండీ. దాన్ని ఫలానా రాజు తవ్వించాడని మీరు అంటున్నారు, అక్కడే పేచీ.

కొత్తగా_వచ్చా
ఒక డౌట్. ద్రాక్ష గింజ నాటితే అదే రకం రాదా? మరి వేల ఏళ్లు ఒకే రకం ఎలా నిలిచింది?

ద్రాక్షతోట_రెడ్డి
రాదు. దీనికి నేను చెప్తా, ఎందుకంటే మా తాత ద్రాక్ష రైతు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలు ఎంత పేరున్నవో పాతవాళ్లకి తెలుసు. ఆ తోటలన్నీ కొమ్మ ముక్కలు నాటి పెంచినవే. శీతాకాలంలో కత్తిరించిన కొమ్మలో మూడు నాలుగు కణుపులున్న ముక్క తీసి నాటితే వేరు పోసుకుంటుంది, అచ్చం తల్లి తీగే మళ్లీ వస్తుంది. గింజ నాటితే ఏదో ఒకటి మొలుస్తుంది, కానీ అది వేరే ద్రాక్ష, పిల్ల. పుల్లగా ఉండొచ్చు, కాయ చిన్నగా ఉండొచ్చు, అసలు కాయకపోవచ్చు. కాబట్టి ప్రపంచంలో ఏ రకమైనా ఒకప్పుడు ఒకే ఒక్క గింజ నుంచి మొలిచిన ఒకే ఒక్క మొక్క. దాన్ని ఎవరో రైతు చూసి బాగుంది అనుకుని కొమ్మ కత్తిరించి పక్కవాడికి ఇచ్చాడు. అంతే, మిగతాదంతా ఇచ్చిపుచ్చుకోవడమే.

ఇంకో సంగతి, అనాబ్-ఎ-షాహీ కూడా బయటి నుంచి తెచ్చారనే మా ఇంట్లో చెప్పేవాళ్లు. ఎక్కడి నుంచి అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దేశం పేరు. వందేళ్ల పైచిలుకు కథకే ఇంత గందరగోళం ఉంటే, రెండు వేల ఏడు వందల ఏళ్ల కథ గురించి కొట్టుకుంటున్నారు మీరు.

ఉప్పుచేప
రెడ్డిగారూ, ఆ తోటలు ఇప్పుడేమయ్యాయి?

ద్రాక్షతోట_రెడ్డి
మీలాంటివాళ్లు ఫ్లాట్లు కొనుక్కుని ఉంటున్నారు వాటిలో.

లాబ్_కోటు
రెడ్డిగారు చెప్పింది చాలా ముఖ్యం. డీఎన్ఏ పద్ధతి పనిచేసేది అందుకే. ఒకే మొక్క కొమ్మల మీదుగా వచ్చింది కాబట్టి, ఎన్ని దేశాలు తిరిగినా వేలిముద్ర మారదు. కాలిఫోర్నియాలో జిన్‌ఫాండెల్ ఎక్కడిదని వందేళ్లు కొట్టుకున్నారు. అది ఇటలీ పుల్యాలోని ప్రిమితీవో ఒకటేనని ముందు తేలింది. తర్వాత 2001లో క్రొయేషియా తీరంలో స్ప్లిట్ దగ్గర, దాదాపు కనుమరుగైపోతున్న కొన్ని ముసలి తీగలతో అచ్చంగా కలిసింది. స్థానికులు దాన్ని త్స్రిలెనాక్ కాష్టెలాన్‌స్కి అంటారు, పలకడం మీ అదృష్టం. అంటే సముద్రం దాటి వచ్చిన తీగకి అవతలి ఒడ్డున జోడీ బతికుంటే దొరుకుతుంది. అల్యానికోకి గ్రీసులో అలాంటి జోడీ దొరకలేదు.

పాతచింతకాయ
అదే కదా నేనూ అనేది! "బతికుంటే". బతికి లేకపోతే? 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు అమెరికా నుంచి వచ్చి యూరప్ తోటల్ని సర్వనాశనం చేసింది. అంతకు ముందు ఎన్ని యుద్ధాలు, ఎన్ని కరువులు. గ్రీసులో మూలం చచ్చిపోయి, ఇటలీలో కొమ్మ మాత్రం మిగిలి ఉండొచ్చు. దొరకలేదు కాబట్టి లేదు అనడం న్యాయమా? జిన్‌ఫాండెల్ విషయంలో కూడా ఆ నాలుగు ముసలి తీగలు చచ్చి ఉంటే మీరు ఇదే మాట అనేవారు కదా.

లాబ్_కోటు
ఇది మంచి వాదన, తీసిపారేయను. కానీ ఈ లెక్కన మీ కథని కాదని చెప్పడానికి ఎవరి దగ్గరా ఏ ఆధారమూ ఉండదు. అప్పుడది చరిత్ర కాదు, నమ్మకం. నమ్మకం ఉంచుకోండి, లేబుల్ మీద తేదీ వేయకండి.

వగరుపులుపు
లండన్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో వైన్ వడ్డించడం నా ఉద్యోగం. ఈ గ్రీకు కథ నేను కూడా బల్లల దగ్గర చాలాకాలం చెప్పాను, కస్టమర్లు మురిసిపోతారు. ఇప్పుడు చెప్పడం మానేశా. కారణం ఏంటంటే, ఇటలీలో గ్రీకు అని పేరున్న ద్రాక్షలు బోలెడు, వాటిలో చాలావాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. గ్రెకానికో దొరాతో అని సిసిలీలో ఉంది, అది ఉత్తరాన వెరోనా వైపు సోవే వైన్ చేసే గార్గానెగానే అని తేలింది. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో గ్రెకో అనే తెల్ల ద్రాక్ష, పక్కనే ఆస్ప్రీన్యో అని పిలిచేదీ ఒకటే. మధ్యయుగంలో తూర్పు నుంచి వెనిస్ వర్తకులు తెచ్చే చిక్కని తియ్యటి వైన్లకి మంచి గిరాకీ, వాటికి గ్రీకు వైన్ అని పేరు. దాంతో ఆ బాణీలో చేసిన ప్రతిదానికీ గ్రీకు అని తగిలించారు. మనం బెంగళూరు వంకాయ అంటాం కదా, అది మెక్సికో వైపుది. బెంగళూరులో పుట్టిందని ఎవరైనా పేరు చూపించి వాదిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఉప్పుచేప
బెంగళూరు వంకాయ బెంగళూరుది కాదా???? ఇన్నాళ్లూ మా ఆవిడతో పందెం కాస్తూ వచ్చాను.

వెసూవియస్_నాని
మరి స్పెయిన్ కథ ఏంటి? ఆ మూడో పెద్దాయన చెప్పింది.

రోమ్_రమ్య
అది భాషావాళ్ల వాదన. నేపుల్స్ రాజ్యం 1442లో అరగాన్ వాళ్ల చేతికి వచ్చింది, 1500ల మొదట్లో స్పెయిన్ వైస్రాయిల పాలన మొదలైంది. స్పానిష్‌లో "ల్యానో" అంటే చదును నేల, మైదానం. ఆ శబ్దాన్ని ఇటాలియన్‌లో రాయాలంటే గ్లి అని రాస్తారు, పలకడం మాత్రం ల్యి. అలా మైదానపు ద్రాక్ష అన్న అర్థంలో అల్యానికో వచ్చిందని వాళ్లు అంటారు. పేరు కాగితం మీదికి ఎక్కిన కాలంతో ఇది బాగా కలుస్తుంది, అదొక్కటే దీని బలం. అయితే పేరు స్పెయిన్ వాళ్ల కాలంది అయినంత మాత్రాన తీగ కూడా అప్పటిదే కానక్కర్లేదు. పేరు లేకుండా, వేరే పేరుతో అంతకు ముందు ఎన్ని వందల ఏళ్లు ఉందో.

డాలస్_బుజ్జి
నేను ఇన్నాళ్లూ అగ్లియానికో అనే చదివాను, ఇక్కడ షాపువాడు కూడా అలాగే అంటాడు, ఇద్దరం హ్యాపీ. టెక్సస్‌లో కూడా వేస్తున్నారు తెలుసా ఈ ద్రాక్ష. పైన హై ప్లెయిన్స్‌లో, లబ్బక్ వైపు. వీకెండ్ వచ్చిందంటే మా తెలుగు గ్యాంగ్ హిల్ కంట్రీ వైనరీల మీద పడుతుంది. అక్కడ ఒకాయన చెప్పాడు, ఈ ఎండకి మామూలు ద్రాక్షలో పులుపు చచ్చిపోతుంది, చక్కెర మాత్రం పెరిగిపోతుంది, వైన్ చప్పగా జావలాగా అవుతుంది, అల్యానికో ఒక్కటే ఎండలో కూడా పులుపు పట్టి ఉంచుతుంది అని. ఆస్ట్రేలియాలో కూడా అందుకే వేస్తున్నారట.

వగరుపులుపు
అవును, దాని బలం అదే. వుల్తూరేలో అయితే కథ ఇంకోలా ఉంటుంది. అది చల్లారిపోయిన అగ్నిపర్వతం, 1,326 మీటర్లు. తోటలు కొండ వాలు మీద బాగా ఎత్తు దాకా ఉంటాయి, రాత్రి చలి గట్టిగా ఉంటుంది. మిగతా ఇటలీ సెప్టెంబర్‌లో కోతలు ముగించి చేతులు దులుపుకుంటే, అల్యానికో కోత అక్టోబర్ చివర, ఒక్కోసారి నవంబర్‌లో. వసంతంలో ముందే చిగురిస్తుంది, పండేది మాత్రం అందరికంటే ఆలస్యం. అన్ని నెలలు తీగ మీద ఉన్నా వగరు తగ్గదు. కొత్త వైన్ తాగితే నాలుక మీద పచ్చి పోకచెక్క పెట్టినట్టే. అందుకే ఓపికగా పీపాలో పెడతారు. పక్కన కంపానియాలో టౌరాసి అని ఇదే ద్రాక్షతో చేస్తారు, అక్కడ నియమం ప్రకారం కనీసం మూడేళ్లు ఆపాలి, అందులో ఏడాది చెక్కలో. రిజర్వా అయితే నాలుగేళ్లు. 1993లో డీఓసీజీ ముద్ర వచ్చింది దానికి, ఇటలీలో వైన్‌కి ఇచ్చే అన్నిటికంటే పై హోదా అది. వుల్తూరేకి 1971లో దాని కింది హోదా డీఓసీ వచ్చినా, సుపీరియోరే అనే పై తరగతికి డీఓసీజీ ఇచ్చింది 2010లో. ఈ వైన్లని దక్షిణాది బరోలో అని పిలుస్తారు, బరోలో అంటే ఉత్తర ఇటలీలో పేరుమోసిన ఎర్ర వైన్, నాకు ఆ బిరుదంటే ఒళ్లు మంట. ఉత్తరాదివాడితో పోలిస్తే తప్ప మెచ్చుకోవడం రాదా?

ద్రాక్షతోట_రెడ్డి
నవంబర్ దాకా తీగ మీద కాయ ఉంచాలంటే గుండె ధైర్యం కావాలి. ఒక్క వాన చాలు. మన దగ్గర లెక్క పూర్తిగా వేరు, చలికి తీగ నిద్రపోదు కాబట్టి మనమే ఏడాదికి రెండు కత్తిరింపులు వేస్తాం. ఎండాకాలం ఒకటి, అక్టోబర్ దగ్గర ఒకటి, కోత ఫిబ్రవరి మార్చి. అకాలవర్షం పడితే గుత్తి పగిలి కుళ్లడమే, ఆ టెన్షన్‌తోనే మా నాన్న బీపీ తెచ్చుకున్నాడు.

శాతవాహనుడు
రమ్యగారూ, ఫలెర్నియన్ సంగతి ఎవరో తేలుస్తారని చూస్తున్నా, ఎవరూ ముట్టుకోవట్లేదు. నాని అడిగిన రెండో కథ అదే కదా.

రోమ్_రమ్య
వస్తున్నా, ఆఫీసులో ఉన్నా ఇప్పటిదాకా.

ఫలెర్నియన్ అంటే నేపుల్స్‌కి ఉత్తరాన మాసికో కొండ వాలుల్లో పండిన వైన్. రోమన్ల దృష్టిలో దాన్ని మించింది లేదు. క్రీస్తుపూర్వం 121 నాటి పంట ఓపిమియన్ పంట అని పేరుపడింది, ఆ ఏడాది ఓపిమియస్ అనే కాన్సుల్, అంటే రోమ్ పై అధికారి, ఉండేవాడు. రోమన్ రచయిత ప్లినీ దాన్ని గురించి రాసిన నాటికి దాదాపు రెండు వందల ఏళ్లు. వెసూవియస్ పేలి 79లో పూడిపోయిన పాంపేయీలో గోడ మీద ఒక రాత ఉంది. ఒక్క ఆస్ నాణెం ఇస్తే ఇక్కడ తాగొచ్చు, రెండిస్తే మేలైనది, నాలుగిస్తే ఫలెర్నియన్ అని. సామాన్యుడికి కూడా పేరు తెలుసన్నమాట, ఆ నాలుగు నాణేలకి పోసింది అసలుదేనా అన్నది వేరే కథ.

ఇప్పుడు అసలు విషయం. ప్లినీ తన పుస్తకంలో అంబర్ గురించి, అంటే రాయిలా గట్టిపడిన పాత చెట్ల జిగురు గురించి రాస్తూ, అన్నిటికంటే మేలు రకం అంబర్‌ని ఫలెర్నియన్ అంటారు, ఆ వైన్ రంగులో ఉంటుంది కాబట్టి అన్నాడు. అంబర్ రంగు! తేనె రంగు, ఎర్ర ఇటుక రంగు కాదు. మరి అల్యానికో చూస్తే సిరాలాంటి ఎరుపు. ముదురు ఎర్ర వైన్ ఏళ్ల తరబడి ఉంచితే రంగు దిగుతుంది, నిజమే, కానీ అందరూ చెప్పుకునేది తెల్ల ద్రాక్షకే దగ్గరగా ఉంది. ఇప్పుడు అదే కొండ దగ్గర ఫలెర్నో దెల్ మాసికో అని 1989 నుంచి డీఓసీ ఉంది. అందులో ఎరుపుకి అల్యానికో, పియేదిరొస్సో వాడతారు, తెలుపుకి ఫలాంగీనా. పేరు పాతది, చట్టం కొత్తది. ఆ రెంటినీ కలిపి రెండో వైనరీవాళ్లు నానికి అమ్మేశారు.

వెసూవియస్_నాని
హొరేస్ అనే కవి కూడా అల్యానికో తాగాడన్నారండీ అదే వైనరీలో. వుల్తూరే పక్కనే వెనోసా ఊళ్లో పుట్టాడట.

రోమ్_రమ్య
పుట్టింది నిజం, క్రీస్తుపూర్వం 65లో, అప్పుడు ఊరి పేరు వెనూసియా. కవితల్లో ఫలెర్నియన్, కేకూబన్, మాసిక్ అని పండిన చోట్ల పేర్లతో వైన్ల గొప్ప చెప్పాడు. సొంత ఊరి వైన్‌ని ఆ వరసలో నిలబెట్టి పొగడలేదు పాపం. టూరిస్టు బోర్డువాళ్లకి అది అడ్డు కాలేదు.

పాతచింతకాయ
రంగు వాదన నాకు నచ్చలేదు. రోమన్లు వైన్‌లో సముద్రపు నీళ్లు కలిపేవాళ్లు, చెట్ల జిగురు పూసిన జాడీల్లో పోసేవాళ్లు, మరిగించిన ద్రాక్షరసం కలిపేవాళ్లు, అటకల మీద పొగలో మాగబెట్టేవాళ్లు. ఇంత చేశాక ఏ రంగు ఉంటుంది? దాన్ని బట్టి ద్రాక్ష రకం తేల్చడం కుదరదు.

రోమ్_రమ్య
సరే, ఒప్పుకుంటా, తేల్చడం కుదరదు. కానీ అప్పుడు ఫలెర్నియన్ అంటే అల్యానికో అని తేల్చడం కూడా కుదరదు కదా. అటూ ఇటూ ఒకే తూకం వాడండి.

శాతవాహనుడు
మధ్యలో నా గోల ఒకటి. నేపుల్స్ అఖాతం చుట్టుపక్కల చేసిన వైన్ జాడీలు మన తూర్పు తీరం దాకా వచ్చాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు తవ్వించినప్పుడు రోమన్ ఆంఫోరా ముక్కలు దొరికాయి, రెండు చెవుల పొడవాటి జాడీలవి. కొన్నిటి మట్టిలో నల్లటి అగ్నిపర్వత ఇసుక ఉంది, అది వెసూవియస్ వైపు మట్టి. కేరళలో పట్టణం అనే పేరున్న ఊరి తవ్వకాల్లోనూ అలాంటివే. గ్రీకులో రాసిన పెరిప్లస్ అనే వర్తకుల పుస్తకంలో, బరుకచ్ఛం రేవులో, అంటే ఇప్పటి గుజరాత్ భరూచ్‌లో, ఏవి అమ్ముడుపోతాయో చెబుతూ వైన్ అని రాసి, ముఖ్యంగా ఇటలీది అన్నాడు. ఆ రోజుల్లోనే మనవాళ్లకి ఫారిన్ సరుకు మోజు. మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల కుప్ప కూడా ఈ వ్యాపారంలో వచ్చిందే.

ఉప్పుచేప
అంటే శాతవాహనుల కాలంలోనే మనవాళ్లు అల్యానికో తాగారు! షేర్ చేస్తున్నా.

శాతవాహనుడు
చెయ్యకు బాబూ. జాడీ ఎక్కడిదో మట్టి చెబుతుంది, లోపల ఏ ద్రాక్ష రసం ఉందో చెప్పదు. రేపు నీ మెసేజ్ తిరిగి తిరిగి మా మామయ్య ద్వారా నాకే వస్తుంది.

మోడరేటర్
షేర్ చేసేవాళ్లు మొత్తం చర్చ లింక్ పెట్టండి, ఒక్క లైన్ కత్తిరించి పెట్టకండి. తాగి బండి నడిపే జోకులు ఒకటి రెండు తీసేశాను.

కొత్తగా_వచ్చా
పాత తవ్వకాల్లో గింజలు దొరుకుతాయి కదా, వాటి డీఎన్ఏ తీసి చూస్తే గొడవ వదిలిపోతుంది కదా?

లాబ్_కోటు
మంచి ప్రశ్న, ఈ దారిలోనే పని జరుగుతోంది. ఫ్రాన్స్‌లో తవ్వకాల్లో దొరికిన 28 పాత ద్రాక్ష గింజల డీఎన్ఏ ఫలితాలు 2019లో వచ్చాయి. ఇనుప యుగం నుంచి మధ్యయుగం దాకా ఉన్నాయి అందులో. ఓర్లెయాన్‌లో దొరికిన సుమారు 900 ఏళ్ల కిందటి గింజ ఒకటి, ఇప్పటికీ సాగులో ఉన్న సవాన్యాఁ బ్లాఁ అనే తెల్ల రకంతో అచ్చంగా కలిసింది. అంటే తొమ్మిది వందల ఏళ్లు ఒకే మొక్క, కొమ్మ నుంచి కొమ్మకి. రోమన్ కాలం గింజల్లో మాత్రం ఇప్పటి రకంతో అచ్చంగా కలిసింది లేదు, దగ్గరి చుట్టాలు దొరికాయి. దీన్నిబట్టి ఒకే రకం రెండు వేల ఏళ్లు నిలవడం అసాధ్యం అనను, కానీ చూపించాల్సిన బరువు చెప్పేవాళ్ల మీద ఉంది.

పాంపేయీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడ బూడిదలో తీగ వేళ్లు కుళ్లిపోయి ఖాళీ గుంతలు మిగిలాయి. విల్హెల్మీనా జషెమ్‌స్కీ అనే పురావస్తు పరిశోధకురాలు వాటిలోకి ముద్ద పోసి అచ్చులు తీసింది, ఒక్క తోటలోనే రెండు వేలకు పైగా తీగలు లెక్కకొచ్చాయి. ఏ వరసలో నాటారు, ఎంత దూరం, ఏ కర్ర కట్టారు, అన్నీ తెలిశాయి. రకం తెలియలేదు, వేరు గుంతకి డీఎన్ఏ ఉండదు. తర్వాత 1990లలో మాస్త్రొబెరార్దీనో అనే టౌరాసి వైన్ కుటుంబం అదే కొలతలతో అక్కడ మళ్లీ తోట వేసింది. పియేదిరొస్సో, శాశ్షినోసో రకాలతో మొదలుపెట్టి, అల్యానికో తర్వాత కలిపారు. వైన్ పేరు విల్లా దెయి మిస్తేరి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది పాత తోట కొలతల్లో పెరిగిన ఇప్పటి ద్రాక్ష, అంతే.

ద్రాక్షతోట_రెడ్డి
ఇంకో డౌట్ నాది. టౌరాసిది, వుల్తూరేది, కంపానియాలోనే ఉన్న తబుర్నోది మూడూ ఒకే రకమైతే రుచి వేరు అంటారేంటి?

వగరుపులుపు
ఒకటే రకం, మూడు పోకడలు. శతాబ్దాలు కొమ్మ మీద కొమ్మ నాటుకుంటూ పోతే ఎక్కడో చిన్న మార్పు వస్తుంది, గుత్తి చిన్నదవడం, తొక్క మందం కావడం, ఆ మార్పు నచ్చిన ఊరివాళ్లు దాన్నే పెంచుతారు. మీ అనాబ్-ఎ-షాహీలోంచి బెంగళూరు వైపు దిల్‌ఖుష్ వచ్చినట్టు. పైన నేల తేడా, ఎత్తు తేడా. వుల్తూరే నల్ల అగ్నిపర్వత మట్టి, టౌరాసిలో బంకమట్టి, సున్నపురాయి మీద వెసూవియస్ విసిరిన బూడిద. తబుర్నోది కాస్త ముందే పండుతుంది అంటారు. దానికి డీఓసీజీ 2011లో వచ్చింది.

నా లెక్కలో ఈ ద్రాక్ష గొప్పతనం చెప్పడానికి ఇది చాలు, గ్రీకు వీరుడు అక్కర్లేదు. ఫ్రాన్స్ తోటలు ఫిలోక్సెరాతో పోయినప్పుడు టౌరాసి ఉన్న ఇర్పీనియా ప్రాంతం నుంచి రైళ్లలో వైన్ వెళ్లింది, అవెల్లీనో నుంచి రొక్కెట్టా దాకా ఉన్న లైనుని ఇప్పటికీ వైన్ రైలు అంటారు. తర్వాత పురుగు వాళ్ల దాకా కూడా వచ్చింది. ఇసుక, బూడిద ఉన్న మట్టిలో అది సరిగ్గా బతకలేదు కాబట్టి కొన్ని ముసలి తీగలు సొంత వేళ్ల మీదే నిలిచాయి. తర్వాత యుద్ధం. తర్వాత 1980 నవంబర్ 23న భూకంపం, సుమారు 2,900 మంది పోయారు, ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. కోత అప్పుడే ముగిసిన సమయం. అంత జరిగాక కూడా కష్టమైన, ఆలస్యంగా పండే, తేలిగ్గా అమ్ముడుపోని ద్రాక్షను పీకేసి వేరేది వేసుకోకుండా నిలబెట్టిన రైతులున్నారు అక్కడ. వాళ్ల బొమ్మ వేసుకోవచ్చు కదా సీసా మీద.

పాతచింతకాయ
రైతు బొమ్మకి లండన్‌లో ఎంత పలుకుతుంది మేడమ్, గ్రీకు వీరుడి బొమ్మకి ఎంత పలుకుతుంది? మీరే అమ్ముతున్నారు కదా, చెప్పండి.

వగరుపులుపు
వీరుడికే ఎక్కువ. అది నిజం :(

పాతచింతకాయ
అదీ సంగతి. నా మాట నేను వెనక్కి తీసుకోను, తీగ గ్రీకుదే. లేకపోతే కనీసం వాళ్లు తెచ్చిన తీగ ఇక్కడి అడవి ద్రాక్షతో కలిసి పుట్టిన పిల్ల.

లాబ్_కోటు
ఆ రెండోది నేను కూడా కొట్టిపారేయలేను. 2023లో వచ్చిన పెద్ద జన్యు పరిశోధన ప్రకారం సాగు ద్రాక్ష సుమారు 11,000 ఏళ్ల కిందట పశ్చిమాసియాలోనూ కాకసస్‌లోనూ మొదలైంది, పశ్చిమాసియా నుంచి యూరప్‌కి వచ్చి అక్కడి అడవి ద్రాక్షతో కలిసింది. అల్యానికో ముత్తాతల్లో ఎవరో ఒకరు ఓడెక్కి వచ్చే ఉంటారు. ఆ ఓడ ఎవరిదో, గ్రీకులదా ఫినీషియన్లదా, దాని మీద పందెం కాయను.

డాలస్_బుజ్జి
ఇవన్నీ సరే, మటన్ కూరతో ఎలా ఉంటుంది? శనివారం గోంగూర మటన్ ఉంది మా ఇంట్లో, బాటిల్ తెచ్చి పెట్టా.

వగరుపులుపు
గోంగూర పులుపుతో సమస్య లేదు, వైన్‌లో కూడా పులుపు ఉంది కాబట్టి తట్టుకుంటుంది. గుంటూరు కారం వేస్తే మాత్రం వగరు, ఆల్కహాల్, కారం మూడూ కలిసి నోరు మండిపోతుంది. కారం సగం చెయ్యి, లేదా మిరియాల వేపుడు చెయ్యి. ఎన్నేళ్ల బాటిల్?

డాలస్_బుజ్జి
లేబుల్ మీద 2019. టౌరాసి. మా ఆయన కారం సగం అంటే ఊరుకోడు అక్కా.

వగరుపులుపు
అయితే వేపుడు మనకి, గోంగూర మటన్ ఆయనకి మజ్జిగతో. 2019 టౌరాసి ఇంకా బిగువుగానే ఉంటుంది, తినడానికి రెండు మూడు గంటల ముందే తెరిచి వెడల్పు జగ్గులోకి పోసి ఉంచు. ఫ్రిజ్‌లో పెట్టకు, కానీ మీ టెక్సస్ ఎండలో వంటింటి గట్టు మీద కూడా వదలకు, 18 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. అడుగున మడ్డి ఉంటే చివరి గుక్క గ్లాసులోకి వంచకుండా ఆపెయ్యి.